తేమనుండి ధాన్యమును, గృహసంభారములను కాపాడుకొనుట

(సంఘ సభ్యుల పఠనమునకు)



పంట పండించుట యెంత శ్రమయో, పండినదానిని నిలుపుకొనుటయు నంత శ్రమయే. ఆరుగాలము కష్టించి యింటికి దెచ్చిన గింజ, దొంగ తాకకయే, నిప్పు సోకకయే, మూటలో నున్నది యున్నట్లే చెడిపోవుట మన గ్రామములలో ఏటేట చూచుచునే యున్నాము. దీనికి మూలకారణము తేమ. పురుగు, బూజు, ముక్కవాసన, మొలక, ఇవియన్నియు తేమ వెంట వచ్చు పరివారమే. రాజును లోనికి రానీయకున్నచో పరివారము దానంతట నదియే వెలుపల నిలుచును.

యోసేపు ఐగుప్తు దేశమున ఏడు సమృద్ధి వత్సరముల ధాన్యమును కొట్లలో నిలిపి, ఏడు కరవు వత్సరములు ప్రజలను పోషించెనని బైబిలు చెప్పుచున్నది. ఐగుప్తు వాన యెరుగని యెండు సీమ. అచ్చట గింజ నిలుపుట సులువు. మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు కృష్ణకు పశ్చిమమున నున్న డెల్టా భూములు. ఒక వైపు కాలువలు, ఒక వైపు సముద్రము. పైగా మన వరి కోతకు వచ్చు నవంబరు, డిసెంబరు మాసములే తుపానుల మాసములు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను రేపల్లె సీమ వృద్ధులు నేటికిని మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు కోసిన వరియు, కోయని వరియు నీట నానినవి. ఇట్టి సీమలో నిలువ విద్యను వేరుగా నేర్వక తప్పదు. ఆ విద్యలోని ముఖ్యాంశములను ఈ పాఠమున వివరింతుము.

1. తేమ వచ్చు నాలుగు త్రోవలు

మొదటిది, గింజలోనే యున్న నీరు. కోతనాటికి వడ్లలో నూటికి 20 మొదలు 24 పాళ్ళవరకు నీరుండును. పూర్వము కోసిన పనను పొలమున ఆరవేసి, కుప్పవేసి, కొన్ని వారముల పిమ్మట నూర్చెడివారము. ఆ లోపల గింజ తనంతట తాను ఆరెడిది. ఇప్పుడు కోతయంత్రము ఒక్క పూటలో కోసి, నూర్చి, పచ్చి గింజను చేతికిచ్చుచున్నది. కుప్ప చేయుచుండిన పని నేడు మనము చేయవలసి వచ్చినది. ఈ మార్పును గుర్తింపనివారే ఎక్కువగా నష్టపడుచున్నారు.

రెండవది, నేల. కాలువలు పారు దినములలో డెల్టా నేలలందు నీరు పైకి వచ్చును. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మట్టియు, ఇటుకయు ఆ నీటిని పైకి పీల్చును. గోడ మొదట సున్నము పెచ్చులూడుట దీనికి గుర్తు.

మూడవది, గాలి. కంటికి కనబడకున్నను గాలిలో నీటి ఆవిరి యున్నది. 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల గాలి, ఘనమీటరు ఒక్కింటికి సుమారు 30 గ్రాముల నీటిని మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడినచో 17 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన నీరు బొట్లుగా దిగును. పగలు వెచ్చబడిన ధాన్యపు రాశిపై పట్టా కప్పి యుంచినచో, తెల్లవారుసరికి పట్టా లోపలివైపు చెమటపట్టి, పైపొర గింజ తడియుటకు కారణమిదియే. వాన పడకయే గింజ తడిసెనని ఆశ్చర్యపడ నక్కరలేదు.

నాల్గవది, గింజ యొక్క శ్వాస. గింజ ప్రాణముగల వస్తువు. తనలోని పిండిపదార్థమును కొంచెము కొంచెముగా దహించుకొనుచు వేడిని, బొగ్గుపులుసు గాలిని, నీటిని వెలువరించును. ఎండు గింజ శ్వాస మిక్కిలి నెమ్మది. పచ్చి గింజ శ్వాస వేగము. ఆ వేడి, ఆ నీరు ప్రక్క గింజల శ్వాసను మరింత పెంచును. ఇట్లు రాశి మధ్య కాగిపోవును. ధాన్యపు రాశిలో ఇనుపకమ్మిని గ్రుచ్చి, పది నిమిషములు నిలిపి, తీసి అరచేతబట్టి చూడుడు. కమ్మి వెచ్చగా నున్నచో ఆ రాశిని ఆ దినముననే విప్పి ఆరబోయవలెను.

2. ఎంత ఆరవలెను?

వడ్లు అమ్ముటకు 17 పాళ్ళు, నిలువకు 14 పాళ్ళు, విత్తనమునకు 12 మొదలు 13 పాళ్ళు, ఈ మూడు లెక్కలను కంఠస్థము చేయవలెను. ప్రభుత్వ కొనుగోలులో వడ్లకు 17 పాళ్ళకు మించిన తేమను అంగీకరింపరు. మినుములు, పెసలు తినుటకు నిలువచేయునపుడు 10 పాళ్ళకు మించరాదు. విత్తనపు మినుములకు 9 పాళ్ళు మేలు.

ఇందొక సూక్ష్మమున్నది. వెంటనే అమ్మదలచిన వడ్లను 14 పాళ్ళవరకు ఎండించినచో రైతునకు తూకములో నష్టమే. నిలువయుంచదలచిన వడ్లను 17 వద్ద ఆపినచో గింజయే నష్టము. కాబట్టి అమ్మునదేదో, నిలుపునదేదో కళ్ళముననే నిర్ణయించుకొనవలెను.

తూకపు లెక్క మిక్కిలి సులభము. నూటినుండి తేమను తీసివేసిన మిగులు ఎండు పదార్థము. తడి తూకమును మొదటి మిగులుతో గుణించి, కావలసిన తేమకు గల మిగులుతో భాగించిన ఆరిన తూకము వచ్చును. 75 కిలోల బస్తా 20 పాళ్ళ తేమతో నున్నదనుకొందము. 75ను 80తో గుణించి 83తో భాగించిన 72.3 కిలోలు వచ్చును. అనగా 17 పాళ్ళకు దింపుటకు న్యాయముగా తగ్గింపవలసినది 2.7 కిలోలు మాత్రమే. తేమ పేరు చెప్పి బస్తాకు ఐదు కిలోలు తీయువాడు నీటిని గాక మన గింజను తీయుచున్నాడు. ఈ లెక్క రానివాడు నష్టమును ఎరుగడు. వచ్చినవాడు నలుగురిలో కాగితముపై వేసి చూపి యడుగగలడు.

మరియొక లెక్క. 75 కిలోల బస్తాలు నూరింటిలో 22 పాళ్ళ తేమయున్న, దానిని 14కు దింపుటకు సుమారు 700 కిలోల నీటిని వెలుపలికి పంపవలెను. అంత నీటిని మూటలలో బంధించి కొట్టులో తలుపు వేసికొనుట యెంత అవివేకమో పాఠకులే యోచింతురు గాక.

తేమమాపకము లేనిచోట ఉప్పు పరీక్ష చేయవచ్చును. పూర్తిగా ఎండిన గాజుసీసా నొకదానిని తీసికొని, అందు బాగుగా ఎండిన మెత్తని ఉప్పును రెండు చెంచాలు, మూడవవంతు నిండునట్లు గింజను పోసి, మూత బిగించి కొంతసేపు కదలించి, పదిహేను నిమిషములు నిలుపవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో గింజలో తేమ 15 పాళ్ళకు మించియున్నది. ఉప్పు పొడిగా రాలినచో గింజ నిలువకు దగ్గరపడినది. పంటితో కొరికినపుడు టక్కున విరుగుటయు మంచి గుర్తే గాని, అది మనుష్యుని పంటినిబట్టి మారును. ఉప్పునకు పక్షపాతము లేదు.

3. ఆరబెట్టు విధము

కోతయంత్రమునుండి వచ్చిన గింజను ఇరువది నాలుగు గంటలలోపల ఆరబోయవలెను. పొర మందము రెండు మొదలు నాలుగు సెంటీమీటర్లు, అనగా సుమారు రెండు మూడు వ్రేళ్ళ మందము. అరగంటకొకసారి కలియదిప్పవలెను. విత్తనపు వడ్లను మిట్టమధ్యాహ్నపు టెండలో సిమెంటు కళ్ళముపై విడువరాదు. గింజ వేడి 43 డిగ్రీలు దాటినచో మొలకశక్తి తగ్గును. తిండిగింజకైనను అతివేగపు ఎండయు, ఎండిన గింజ మరల తడియుటయు పగుళ్ళు పుట్టించును. ఆ పగుళ్ళు మిల్లులో నూకలై బయటపడును. బాపట్ల పరిశోధన కేంద్రమునుండి 1986లో విడుదలయైన బి.పి.టి. 5204, సాంబమసూరి యని పేరొందిన సన్నరకము, మన ప్రాంతపు కీర్తి. అట్టి సన్నబియ్యమునకు ధర నిండు గింజకేగాని నూకకు గాదు.

రహదారులపై ఆరబోయు అలవాటు మానవలెను. రాళ్ళు కలియును, గింజ నలుగును. రాత్రివేళ ఆ రాశులను ఢీకొని ప్రాణములు పోయిన సందర్భములును గలవు. సాయంకాలము మంచు దిగకమునుపే గింజను ప్రోగుచేసి పట్టా కప్పవలెను. ప్రొద్దెక్కినంతనే పట్టా తీయవలెను. రాత్రి కప్పుట యెంత ముఖ్యమో పగలు తీయుట యంత ముఖ్యము.

తుపాను వార్త వచ్చిననాడు కోయక నిలిచిన వరిని తొందరపడి కోయరాదు. కోసిన పన తడిసినచో గట్లపైకి చేర్చి, నీరు తీసి, కంకులపై ఉప్పునీరు చల్లవలెను. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపినది చాలును. ఇది మొలకను ఆపును. పడిపోయి నీట నానిన వరికిని ఇట్లే చేయవచ్చును.

4. నిలువ స్థలము

పెద్దలు వాడిన సాధనములను కొందరు పరిహసింతురు. అది తగదు. మెట్ట సీమల జొన్నకు పాతర తగినది. ఏలయన అచ్చట నేల లోతువరకు పొడిగా నుండును. డెల్టాలో పాతర త్రవ్వినచో నీటి గుంటయే యగును. అందుచేతనే మన పెద్దలు గడ్డితో పేనిన మోకులు చుట్టి కట్టిన పురులను, మట్టియు పేడయు మెత్తిన గాదెలను నేలకు ఎత్తుగా నిలిపిరి. నేలను విడిచి యెత్తుగా నిలుపుట, ఈ సూత్రము నేటికిని సత్యము. సాధనము మారవచ్చును, సూత్రము మారదు.

మూటలు వేయువారు మొదట నేలపై మందపు పాలితీను కాగితము పరచి, దానిపై చెక్క దిమ్మెలు గాని వెదురు తడకలు గాని వేసి, వానిపై మూటలు పేర్చవలెను. గోడకు రెండడుగుల ఎడముండవలెను. ఆ సందులో మనిషి నడచి మూటలను చూడగలుగవలెను. పాత సంచులను తిరుగవేసి, దులిపి, ఎండించి వాడవలెను. ఏలయన క్రిందటి యేటి పురుగు సంచి కుట్లలోనే కాపురముండును. కొత్త గింజను పాత గింజతో కలుపరాదు.

కొట్టుకు కిటికీలున్నచో మంచిదేనా? ఈ ప్రశ్న మమ్ము తరచుగ నడుగుదురు. కిటికీ మంచిది, దానిని తెరచు వేళ తెలిసినచో. వేసవి మధ్యాహ్నపు పొడిగాలి గింజను ఆర్పును. వానకాలపు గాలి, రాత్రి గాలి గింజను తడుపును. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళున్నచోట వడ్లు సుమారు 14 పాళ్ళ వద్ద నిలుచును. గాలి తేమ 90 పాళ్ళకు చేరినచో వడ్లు 17, 18 పాళ్ళవరకు తిరిగి పీల్చుకొనును.

ఇక్కడ ఒక చక్కని పోలిక గలదు. శుద్ధమైన ఉప్పు కూడ సరిగా గాలి తేమ 75 పాళ్ళు దాటినపుడే చెమ్మగిల్ల నారంభించును. కాబట్టి వంటింటిలోని మెత్తని ఉప్పు ఖర్చులేని వాయుమాపకము. ఉప్పు చెమ్మగిల్లిన దినమున ధాన్యపు కొట్టు తలుపును, కిటికీని తెరువరాదు. ఉప్పు గలగలలాడు దినమున తెరువవచ్చును. ఇంటి ఇల్లాండ్రకు ఈ ఒక్క సంగతి తెలిపినను మా పాఠము సఫలమే.

రేకుల గాదెలు ఎలుకలకును, బయటి తేమకును మంచి అడ్డు. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా గాదెలో మట్టి ఇటుకల గోడల నడుమ పాలితీను పొర నుంచుదురు. అయితే జ్ఞాపకముంచుకొనుడు: మూసిన పాత్ర బయటి తేమను లోనికి రానీయదు, లోపలి తేమను బయటికి పోనీయదు. పచ్చి గింజకు మూత శత్రువు, ఎండు గింజకు మూత మిత్రము.

5. మినుములు, పెసలు, విత్తనములు

వరి కోతకు రెండు మూడు దినముల ముందు పొలమున చల్లు మినుము మన ప్రాంతపు రెండవ సిరి. దీనికి పుచ్చుపురుగు భయమెక్కువ. ఈ పురుగు పొలముననే కాయపై గ్రుడ్లు పెట్టి, పంటతోకూడ ఇంటికి వచ్చును. గింజపై తెల్లని చుక్కలు కనబడినచో అవి గ్రుడ్లని యెరుగవలెను. నెలకొక తరము చొప్పున వృద్ధియగును. తిండికి ఉంచుకొను మినుములను పప్పుగా విరిపించి నిలుపుట మంచిది. పప్పుబద్దకంటె నిండు గింజనే పురుగు ఎక్కువగా కోరును.

1980ల చివర ఆఫ్రికాలోని కామెరూను దేశమున అలసందల రైతులకొరకు మూడు పొరల సంచి యొకటి ప్రచారములోనికి వచ్చెను. లోపల రెండు మందపు పాలితీను సంచులు, బయట నేసిన ప్లాస్టిక్ గోతము. ఒక్కొక్క పొరను వేరువేరుగ గట్టిగా మూతికట్టుదురు. లోపలి పురుగు శ్వాసించుచు ప్రాణవాయువును తానే తరిగించుకొని, పెరుగలేక నశించును. మందు అక్కరలేదు. మన మినుములకును, పెసలకును ఈ సంచులు తగినవి. గింజ మాత్రము ముందుగా బాగుగ ఎండియుండవలెను. సంచిని మాటిమాటికి విప్పరాదు.

విత్తనమునకు శాస్త్రజ్ఞులు చెప్పు సూత్రమిది: గింజ తేమను ఒక పాలు తగ్గించిన కొలది దాని ఆయుర్దాయము సుమారు రెండింతలగును. విత్తనపు డబ్బాలో వేయించి చల్లార్చిన బియ్యమును గుడ్డమూటగ కట్టి యుంచినచో అది మిగిలిన తేమను పీల్చును.

6. వంటింటి సంభారములు

చినగంజాం కొఠారుల రాళ్ళ ఉప్పు మెత్తని ఉప్పుకంటె ముందే చెమ్మగిల్లును. దానిలో మిగిలియున్న మెగ్నీషియం లవణములు నీటిని త్వరగా పీల్చుటయే కారణము. అట్టి ఉప్పును అడుగున రంధ్రముగల కుండలోగాని, వెదురు బుట్టలోగాని కొన్నిదినములుంచిన చేదునీరు కారిపోయి ఉప్పు తేరుకొనును. బెల్లమును వానకాలమునకు ముందే పొడి పాత్రలో గాలి దూరకుండ మూయవలెను. చింతపండును గింజ, పీచు తీసి, ఎండలో వెచ్చబరచి, జాడీలో అదిమి పెట్టవలెను. మిరపకాయలు మడచినపుడు తొడిమవద్ద మెత్తగా వంగినచో ఇంకను ఆరలేదు. దుగ్గిరాల, కొల్లిపర పసుపు కొమ్ములను వండిన పిమ్మట 10 మొదలు 15 దినములు ఎండించి, రెండు కొమ్ములు తట్టినపుడు లోహపు ధ్వని వచ్చువరకు ఆగవలెను. ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టరాదను మన అమ్మమ్మల ఆంక్ష శాస్త్రసమ్మతమే. నూనెపొర గాలిని ఆపును, ఉప్పు సూక్ష్మజీవులను ఆపును. తడిగరిటె ఆ రెండు కావళ్ళను చెరచును.

7. బూజు పట్టిన గింజ

బూజును తుడిచివేసిన చాలునని తలచుట ప్రమాదము. 1960లో ఇంగ్లండునందు వేలకొలది టర్కీకోళ్ళు చచ్చినప్పుడు, వాని మేతలోని వేరుసెనగ పిండియందు ఒక బూజు విషమున్నట్లు కనుగొనిరి. దానికే ఆఫ్లటాక్సిను అని పేరు. మొక్కజొన్న, వేరుసెనగలకు ఈ భయమెక్కువ. ఇప్పుడు వరి పిమ్మట మన పొలములలో మొక్కజొన్న విస్తరించినది గావున ఈ సంగతి తెలియుట అవసరము. ఆ విషము వంటతో నశింపదు. కాలేయమును చెరచును. బూజుగింజను పాడిపశువులకు పెట్టినచో పాలలోనికి దిగి మన బిడ్డల గిన్నెకే వచ్చును. కాబట్టి "తినుటకు పనికిరాకున్న గేదెకు పెట్టుదము" అనునది పొదుపు గాదు.

8. సంఘము చేయదగినది

ఒక్క రైతు చేయలేనివి కొన్ని గలవు. ప్రతి సంఘమునందును సరిచూచిన తేమమాపకమొకటి యుండవలెను. కౌలురైతుకు కళ్ళమును, కొట్టును రెండును లేవు. పచ్చిగింజను కళ్ళముననే అయినకాడికి అమ్మువాడతడే. అతనికి అద్దెకిచ్చుటకు పట్టాలు సంఘమున నుండవలెను. గిడ్డంగిలో ధాన్యముంచి రసీదుపై అప్పు పొందు సదుపాయమునకు 2007 నాటి గిడ్డంగుల చట్టము దారిచూపినది. 2023లో కేంద్ర ప్రభుత్వము సహకార రంగమున ధాన్యపు నిలువల పథకమొకటి ఆమోదించినది. అయితే రసీదు విలువ గింజ విలువనుబట్టియే. తడిగింజపై ఏ గిడ్డంగియు నిలువదు. బాపట్లలోని కోతానంతర సాంకేతిక కేంద్రము వారు ఈ విషయములందు పనిచేయుచున్నారు. సభ్యులు కూడి వెళ్ళి సలహా పొందవచ్చును.

సంఘపు రాత్రి సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటి ధాన్యమునకు తేమ నాలుగు త్రోవలలో ఏ త్రోవన వచ్చుచున్నది?
2. 75 కిలోల బస్తాలో 19 పాళ్ళ తేమయున్న, 17కు న్యాయమైన తగ్గింపు ఎంత? (ఉత్తరము: సుమారు 1.8 కిలోలు.)
3. పట్టాను పగలు ఏల తీయవలెను?
4. ఉప్పు చెమ్మగిల్లిన దినమున కొట్టు కిటికీ ఏల తెరువరాదు?
5. మన సంఘమునకు ఎన్ని పట్టాలు కావలెను? వానిని మొదట ఎవరికీయవలెను?

ఐదవ ప్రశ్నకు ఉత్తరము మేమీయలేము. దానిని సభ్యులే తీర్మానించి, కోతలకు ముందుగనే పుస్తకమున వ్రాసికొనవలెను.